నడుం పట్టీ తాకని సైగ

ఎలాడియో బ్రింగాస్‌కి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా అతని మామగారి పేరెత్తితే చాలు, కుడిచెయ్యి దానంతటదే లేచి మెడ మీద చప్పున కొట్టేది. అక్కడ దోమ ఉండేది కాదు. దోమలన్నీ చెరుకు తోటల్లో ముడుచుకుని పడుకునే చలి పొద్దుల్లో కూడా అంతే. సాన్ లోపె ఊళ్ళో అందరూ అది చూశారు గాని ఒక్కరూ ఎందుకని అడగలేదు. అడగకుండా ఎలా ఉండగలిగారో ఏమో.

ఊరి పార్కులో లారెల్ చెట్ల కింద మూడు సిమెంటు బెంచీలున్నాయి. ఆ చోటుని వేడి మూల అంటారు. పొద్దున రొట్టెలు తెచ్చుకునే వేళ నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా మగవాళ్ళు అక్కడ చేరి బేస్‌బాల్ గురించి పోట్లాడుకుంటారు. కొత్తవాళ్ళు చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో కత్తులు దూస్తారనుకోవాలి. ఒకడు ఇంకొకడి చొక్కా పట్టుకుని ఊపేస్తాడు, మరుక్షణం వాడి చేతికే కాఫీ గ్లాసు అందిస్తాడు. ఇంత గోలలోనూ ఒక కట్టుబాటుంది. కుట్లు ఊడిపోయిన పాత తోలు బంతి ఒకటి ఉంటుంది. ముఖ్యమైన వాదన వచ్చినప్పుడు ఆ బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోళ్ళు మూసుకోవాలి. బంతిని కసిమీరో దాస్తాడు. అతను రిటైరైన పోస్ట్‌మ్యాన్. నలభై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలు మోసి, ఒక్కటీ విప్పి చూడని మనిషి కాబట్టి అతని మీద అందరికీ గురి.

ఆ ఏడు వేడి మూలకి ముప్ఫై ఏళ్ళు నిండాయి. అన్ని కాలాల్లోకీ గొప్ప మేనేజరు ఎవరో తేల్చి, ఆ పేరు నడిమి బెంచీ వీపు మీద చెక్కించాలనుకున్నారు. జనవరిలో మొదలుపెట్టారు. న్యూయార్క్ మేనేజర్ల లెక్క తేలడానికి రెండు వారాలు పట్టింది. కోట్లు పోసి కొనుక్కున్న ఆటగాళ్ళతో గెలవడమూ ఒక గెలుపేనా అని ఒకడు లేచాడు. "కోడి మొత్తం చేతికిస్తే మా అత్త కూడా పులుసు వండుతుంది. కాళ్ళూ మెడా ఇచ్చి వండమను చూద్దాం" అన్నాడు. దాంతో న్యూయార్క్ వాళ్ళు పోయారు. హవానా వాళ్ళు నెలరోజులు నిలబడి వాళ్ళూ పోయారు. చివరికి అందరికీ ముందే తెలిసిన చోటికే వచ్చి ఆగింది వాదన. కాళ్ళూ మెడా ఇచ్చినా వండిన మనిషి ఒక్కడే, అమాన్సియో లేవా. సాన్ లోపె చక్కెర మిల్లు జట్టు మేనేజరు. ఎలాడియోకి పిల్లనిచ్చిన మామ.

ఆ గొప్పంతా ఒక్క ఆట మీద నిలబడింది. ఆ ఆట ఆడిన సాన్ లోపె జట్టులో మిగిలిన సాక్షి ఎలాడియో ఒక్కడే.

ఎలాడియో నాన్న ఎడ్లబండి మీద చెరుకు తోలేవాడు. ఎనిమిదిమంది పిల్లల్లో ఇతను ఐదోవాడు. చదువు నాలుగో తరగతితో సరి. కాళ్ళు మాత్రం దేవుడిచ్చాడు. బండి మీంచి జారిన గడలు ఏరుకుని, ఆగకుండా పోతున్న బండిని పరిగెత్తి అందుకునేవాడు. ఆ పరుగు చూసే అమాన్సియో అతన్ని పదిహేడో ఏట జట్టులోకి లాక్కున్నాడు.

అమాన్సియో మిల్లు కొలిమి దగ్గర మేస్త్రీ. మహా కోపిష్టి. ఎవడు ఆడాలి, ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు పరిగెత్తాలి అన్నీ అతను చెప్పినట్టే జరగాలి. చెప్పకుండా ఒక్క అడుగు వేసినవాడు మర్నాడు మైదానంలో ఉండేవాడు కాదు. నోటితో చెప్తే అవతలి జట్టు వింటుంది గనక అంతా సైగలే. మూడో బేస్ పక్కన నిలబడి చెవి లాక్కునేవాడు, ముక్కు తుడుచుకునేవాడు, టోపీ సర్దేవాడు, మోచెయ్యి గోక్కునేవాడు. చూసేవాళ్ళకి ఒళ్ళంతా దురద పట్టిన మనిషిలా ఉండేవాడు. అందులో ఒక్కటే అసలుది. ముందు నడుం పట్టీ తాకాలి, ఆ వెంటనే ఏది తాకితే అదే ఆజ్ఞ. పట్టీ తాకకపోతే మిగతాదంతా ఉత్త గోకుడే. పట్టీని వాళ్ళలో వాళ్ళు తాళంచెవి అనుకునేవాళ్ళు. ఆ సంగతి జట్టు దాటి బయటికి పోలేదు. పట్టీ తర్వాత మెడ మీద అరచెయ్యి పడితే, మూడో బేస్‌లో ఉన్నవాడు ఇంక దేనికీ చూడకుండా బ్యాటరు నిలబడే హోమ్ పలక మీదికి పరిగెత్తాలి, దాన్ని తాకితే జట్టుకి పరుగొచ్చినట్టు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కింద, మార్చి నెలలో, చెరుకు కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు మిల్లుల లీగ్ ఫైనల్ జరిగింది. అవతలి జట్టు రియో ఒండో మిల్లుది. వాళ్ళ మేనేజరు ఫెర్మిన్ సులుయేటా. అరవని మనిషి, అన్నీ చూస్తూ కూర్చునేవాడు. చివరి ఇన్నింగ్స్, రెండు జట్లూ సమానం, సాన్ లోపె జట్టులో ఇద్దరు అవుటు, మూడోవాడితో సరి. బ్యాటరు అప్పటికే రెండు తప్పాడు, ఇంకొక్కటి తప్పితే ఇన్నింగ్స్ అయిపోతుంది. మూడో బేస్ మీద ఎలాడియో. అలాంటప్పుడు పరిగెత్తమని లోకంలో ఏ మేనేజరూ చెప్పడు. బ్యాటరు బంతి కోసం బ్యాటు ఊపాడంటే ఎదురుగా వచ్చేవాడి పుర్రె పగులుతుంది.

పొద్దు వాలుతోంది. కోసేసిన తోటల్లోంచి దోమలు లేచాయి. ఎలాడియో వంగి బూటు కింది మట్టి తట్టుకుని తలెత్తేసరికి అమాన్సియో అరచెయ్యి మెడ మీద ఉంది. తను వంగినప్పుడే పట్టీ తాకి ఉంటాడులే అనుకున్నాడు. పరిగెత్తాడు.

రియో ఒండో పిచ్చరు ఆదివారం ఉయ్యాల కుర్చీలో కూర్చున్నవాడిలా నింపాదిగా చేతులు తల మీదికెత్తి, కాలు లేపి, అప్పుడు విసిరాడు బంతి. అది దూరంగా పడింది. మీదికొస్తున్న మనిషిని చూసి బ్యాటరు హడలి వెనక్కి గెంతాడు. ఎలాడియో దుమ్ములో జారిపోయి పలక తాకాడు. సాన్ లోపె గెలిచింది.

జనం మైదానం మీద పడ్డారు. అమాన్సియో అందరినీ తోసుకుంటూ వచ్చి ఎలాడియోని గట్టిగా కావలించుకున్నాడు. మెచ్చుకుంటున్నాడని చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అతను చెవిలో అన్న మాట వేరు.

"నేను దోమని కొట్టాన్రా. నోరు మూసుకో, ఇద్దరం బతుకుతాం."

ఆ తర్వాత రేడియోవాడి ముందు నిలబడి, బంతి విసిరేముందు ఆ పిచ్చరు మడమ లేవడం ఆలస్యమని, ఆ లోపల ఒకడు పరిగెత్తి రావచ్చని మూడు వారాలుగా కనిపెట్టి ఈ క్షణం కోసమే దాచుకున్నానని చెప్పాడు. ఆ రాత్రికి అమాన్సియో మేధావి అయ్యాడు. ఎలాడియోకి మాట వినేవాడని పేరొచ్చింది. పిచ్చరుని తొందరపెట్టకుండా చేతులు ముడుచుకు కూర్చున్న సులుయేటాకి నిద్రమొహం అనే పేరు పడింది. వారం తిరక్కుండా రియో ఒండో వాళ్ళు అతన్ని తీసేశారు. మళ్ళీ ఏ జట్టూ పిలవలేదు.

ఎలాడియోకి మిల్లు గేటు దగ్గర నీడపట్టున ఉద్యోగం దొరికింది. ఏడాదికి అమాన్సియో తన కూతురు మిగ్దాలియాని ఇచ్చి ఇంట్లోనే ఉంచుకున్నాడు. మిగ్దాలియా అంటే అతనికి ముందునుంచీ ఇష్టమే. పిల్లనివ్వడమంటే కాపలా పెట్టుకోవడం కూడా అని చాలా ఏళ్ళకి గాని తెలిసిరాలేదు. ఇంటికి ఎవరొచ్చినా భోజనం బల్ల దగ్గర ఆ కథ మొదలయ్యేది. నల్ల చిక్కుళ్ళూ అన్నమూ చల్లారిపోయేవి. మడమ దగ్గరికి రాగానే ముసలాయన ఇటు తిరిగేవాడు. "అవునా కాదా అల్లుడూ?" "అవును మామా." అన్నేళ్ళూ అదే ప్రశ్న, అదే జవాబు. కొత్తలో ఆ మాటకి ముందు నీళ్ళు తాగేవాడు. తర్వాత తర్వాత ఉప్పు అందించినంత తేలిగ్గా వచ్చేది. అలా తేలిగ్గా వస్తున్నందుకే అతనికి తన మీద అసహ్యం పుట్టింది.

అమాన్సియో మంచాన పడ్డప్పుడు, పోయేలోగా ఒక్కసారైనా ఇద్దరం నిజం మాట్లాడుకుంటామని ఎలాడియో ఆశపడ్డాడు. ఒక మధ్యాహ్నం ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు. గదిలో ఎవరూ లేరు. "ఆ పిచ్చరు మడమ గుర్తుందా అల్లుడూ, ఎంత నెమ్మదిగా లేచేదో" అన్నాడు. నటన కాదు. దోమ సంగతి ఆయనే మరిచిపోయాడు. ఆ రోజుతో ఆ నిజం లోకంలో తనొక్కడి నెత్తినే మిగిలిందని ఎలాడియోకి అర్థమైంది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఫొటో పెద్దది చేయించి ఎలాడియో కుర్చీకి సరిగ్గా ఎదురుగా గోడకి తగిలించారు. తండ్రి ప్రశ్నని మిగ్దాలియా తమ్ముడు నివాల్దో పుచ్చుకున్నాడు. పార్కులో నలుగురి ముందూ "అవునా కాదా బావా?" అంటాడు. "అవును నివాల్దో."

ఇవన్నీ ఓర్చుకునేవాడేమో గాని, సులుయేటా ఈ ఊరికే వచ్చి పడ్డాడు. రియో ఒండో మిల్లు మూతపడ్డాక విధవరాలైన మేనకోడలి ఇంట్లో చేరాడు. ఎనభై మూడేళ్ళు. ఉయ్యాల కుర్చీలకి పేము అల్లుతాడు. రోజూ పొద్దున రొట్టె సంచీ పట్టుకుని, చేతికర్రతో బయల్దేరతాడు. రొట్టెల కొట్టు నుంచి ఇంటికి పార్కు గుండా రెండొందల అడుగులు కూడా ఉండదు. అతను మాత్రం చర్చి వెనక సందులోంచి రెండు వీధులు చుట్టి పోతాడు. వేడి మూల ముందునుంచి నడవడు. ఎలాడియో బెంచీ మీద కూర్చుని, సందు చివర ఆ తెల్లటి టోపీ కనబడి మాయమయ్యేదాకా చూసేవాడు. ప్రతి పొద్దూ. చెయ్యి మెడ మీదికి పోయేది.

పేరు చెక్కించే ముందు ఒక ఆదివారం ఆఖరి విచారణ పెట్టారు. అవతలివాడి మాట వినకుండా తీర్పు చెప్పడం తన వల్ల కాదని, సులుయేటాని తనే వెళ్ళి పిలుస్తానని కసిమీరో పట్టుబట్టాడు. రాడులే అనుకున్నారు అందరూ.

ఆ పొద్దున మిగ్దాలియా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి భర్తకి తనే తొడిగింది. కాలరు సర్దుతూ మెడ మీద వేళ్ళు ఆపింది కాసేపు. నాన్న పేరు రాతిలో పడుతుంది, నువ్వు రోజూ చెప్పేదే చెప్పి వచ్చెయ్, మధ్యాహ్నానికి పంది మాంసం పెడుతున్నాను, అంది. ఎందుకో అతని కళ్ళలోకి చూడలేదు. దారి పొడుగునా నివాల్దో పాఠం చెప్పించాడు. "మడమ దగ్గర కాస్త ఆగు బావా. నువ్వు ఊరికే గడగడా అనేస్తావు. అక్కడే గదా జనానికి ఒళ్ళు పులకరించేది."

సులుయేటా వచ్చాడు. మేనకోడలు చెయ్యి పట్టుకుని, ఉతికిన ప్యాంటు వేసుకుని, బెంచీ చివర కూర్చున్నాడు. నిద్ర లేచినట్టున్నాడే అని వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. కసిమీరో అటు చూశాడు, నవ్వు ఆగిపోయింది.

బంతి ఎలాడియో చేతికొచ్చింది. లేచి నిలబడి కథ మొదలుపెట్టాడు. సమానమైన జట్లూ, ఇద్దరు అవుటూ, వాలే పొద్దూ. వంగి బూటు మట్టి తట్టుకున్నాననే దాకా నోరు దానంతటదే నడిచింది. అక్కడ సులుయేటా వైపు చూశాడు. ముసలాయన అతని మొహం చూడటం లేదు. తన నడుం పట్టీ మీద రెండు వేళ్ళు ఆనించి, ఒక్కసారి తట్టి, తలెత్తాడు.

తాళంచెవి ఏదో జట్టువాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఈ మనిషికి తెలుసు. ఆ రోజే తెలుసు. ఆ పిచ్చరు అంత నింపాదిగా చేతులెత్తింది ఎందుకో ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత ఎలాడియోకి అప్పుడు తట్టింది.

"మడమ చెప్పు బావా" అని నివాల్దో గొణిగాడు.

"పట్టీ తాకలేదు" అన్నాడు ఎలాడియో. "మామ నాకు సైగ ఇవ్వలేదు. మెడ మీద దోమని కొట్టాడు. నేను తల వంచుకుని ఉండి పట్టీ తాకాడనుకున్నాను. నేను చేసింది తప్పు. ఆ తప్పుతో గెలిచాం."

బంతి ఇంకా అతని చేతిలోనే ఉంది కాబట్టి ఎవరూ మాట్లాడటానికి లేదు. అతను దాన్ని తీసుకెళ్ళి సులుయేటా ఒడిలో పెట్టాడు.

ముసలాయన లేవలేదు. మెల్లగా చెప్పాడు. ఆ రోజు ఆట సగానికి వచ్చేసరికే అమాన్సియో పట్టీ సంగతి తను పట్టేశానన్నాడు. చివర్లో అమాన్సియో మెడ మీద కొట్టుకున్నప్పుడు పట్టీ వైపే చూస్తున్నానన్నాడు. తాకలేదు. కాబట్టి పరుగు లేదు. పిచ్చరుకి తొందరేం లేదు, తీరిగ్గా విసురు అని తనే సైగ చేశాడు. "మా ఆవిడకి చెప్పాను, నమ్మింది. ఇంకెవరికి చెప్తే నమ్ముతారు? సైగ చదివానంటే, మరి చదివినవాడు ఎలా ఓడాడంటారు."

బంతిని కసిమీరోకి ఇచ్చేశాడు. దాంతో కట్టలు తెగాయి.

ఎలాడియో అనుకున్నదేమంటే, తిడతారు, కొడతారు, ఇంక ఆ బెంచీ మీద కూర్చోనివ్వరు. అవేవీ జరగలేదు. ముందు నివాల్దో తెల్లబోయాడు, ఆ తర్వాత మొహం వెలిగిపోయింది. "విన్నారా? మా నాన్న ఆటగాళ్ళని ఎలా తయారుచేశాడో విన్నారా? దోమని కొట్టినా పరిగెత్తేలా చేశాడు. ఏ న్యూయార్క్ మేనేజరు చెయ్యగలడు?" అన్నాడు. ఆ మాట దొరకడమే ఆలస్యం, మూలంతా దాని మీద పడింది. సులుయేటా చూస్తున్నాడని తెలిసే అమాన్సియో కావాలని పట్టీ వదిలేశాడని ఒకడన్నాడు. అయితే దోమ అబద్ధమా అని ఇంకొకడు. దోమ నిజమే, అయినా దాన్ని వాడుకోవడం అతని తెలివి అని మరొకడు. సులుయేటా వైపు మాట్లాడినవాళ్ళు కసిమీరోతో కలిపి ముగ్గురు. ఇరవై ఆరుగురు అమాన్సియోకి చేతులెత్తారు. అబద్ధంతో ఉన్న రోజుల్లో కూడా అంతమంది ఎత్తేవాళ్ళు కారేమో.

"అది కాదు, వినండి" అని ఎలాడియో రెండుసార్లన్నాడు. బంతి తన చేతిలో లేదు. ఎవరూ వినలేదు.

సులుయేటా కర్ర మీద బరువు వేసి లేచి అతని దగ్గరికొచ్చాడు.

"ఒకటే అడుగుతాను బాబూ. నేను సరిగ్గా చదివాను. నువ్వు తప్పు చదివావు. అంతేగా?"

"అంతేనయ్యా."

"చాలు" అన్నాడు ముసలాయన. మేనకోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎలాడియో ఇల్లు చేరేసరికి నివాల్దో ముందే వచ్చి అంతా చెప్పేసి పోయాడు. మిగ్దాలియా బల్ల దగ్గర కూర్చుని ఉంది. మాంసం గిన్నె మూత తియ్యలేదు. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. గోడ మీంచి మామ చూస్తున్నాడు.

"నీకు చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"నాకేం చెప్తావు" అంది. "ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న మెడ మీద ఇంత దద్దురు. వెల్లుల్లి నూరి రాసింది నేనే. ఆయన కొట్టింది దోమనని, సైగ కాదని అప్పుడే తెలుసు నాకు."

అతను బల్ల వైపు చూశాడు. ఈ బల్ల దగ్గర అవును మామా అన్న ప్రతిసారీ ఆమె అన్నం వడ్డిస్తూనే ఉంది.

"నాకు తెలుసని నీకు తెలియనివ్వకుండా ఉండటానికి నేనెంత పడ్డానో నీకేం తెలుసు. తెలిస్తే ఇక నీకు ఈ ఇంట్లో ఏం కట్టు ఉంటుంది, చెప్పేసి వెళ్ళిపోతావనుకున్నాను. వీధిలో నువ్వు నోరు తెరిస్తే చాలు, చేతిలో పని ఆపి చెవులు రిక్కించేదాన్ని." మూత తీసి అతని పళ్ళెంలో వడ్డించింది. ఎప్పుడూ వేసేదానికన్నా తక్కువ వేసింది. "కూర్చో. చల్లారిపోతుంది. క్షమించానని మాత్రం అనుకోకు."

కూర్చున్నాడు. ఆ కుర్చీలోనే, ఆ ఫొటో ఎదురుగానే. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆమె అతనితో కూర గురించి తప్ప మాట్లాడలేదు.

నెల తిరక్కుండా బెంచీ వీపు మీద అమాన్సియో లేవా పేరు చెక్కారు. ఎలాడియో అక్కడికి పోవడం మానలేదు, ఇంకెక్కడికి పోతాడు. ఇప్పుడు కథ పొడుగైంది. మడమ తర్వాత దోమ కూడా వచ్చి చేరింది. పక్క ఊళ్ళవాళ్ళు వస్తే నివాల్దో అతన్ని నిలబెట్టి, మా నాన్న ఎలా కొట్టాడో చూపించు బావా, అంటాడు. జరిగిన నిజమే అయినా ఆ నోట వింటుంటే అది కూడా అబద్ధంలాగే ఉంటుంది. అతను మెడ మీద కొట్టి చూపిస్తాడు. జనం నవ్వుతారు.

అయితే విచారణ మర్నాడు పొద్దున ఒకటి జరిగింది, ఆ తర్వాత రోజూ జరుగుతోంది. రొట్టెల వేళ ఎలాడియో అలవాటుగా చర్చి వెనక సందు వైపు చూశాడు. తెల్ల టోపీ కనబడలేదు. కర్ర చప్పుడు ఇటువైపు నుంచి వచ్చింది. సులుయేటా రొట్టె సంచీతో పార్కు నడిమధ్యనుంచి, లారెల్ చెట్ల కిందుగా, బెంచీలకి ఆనుకుని నడుస్తున్నాడు. ఎవరినీ పలకరించలేదు, ఎవరివైపూ చూడలేదు, తొందరపడలేదు. వాదించుకుంటున్నవాళ్ళు గొంతు తగ్గించి దారిచ్చారు.

ఎలాడియో చాపుకుని ఉన్న కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ముసలాయన దాటి వెళ్ళాడు.